మొదటి నీళ్లు

దువ్వాడలో మా వీధికి అప్పుడప్పుడూ గిన్నెల లోపల తగరం పూసి కళాయి వేసే మనిషి ఒకతను వస్తుంటాడు. ఇత్తడి గిన్నెలు వాడేవాళ్లు తగ్గిపోయినా అతను రావడం మానలేదు. ఈమధ్య ఒక ఆదివారం ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ముక్కుకు ఆ ఘాటు తగిలింది. కాలిన ఇత్తడి మీద నవసాగరం పొడి చల్లితే లేచే తెల్లటి పొగ అది. ముక్కుపుటాలు మండుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, గొంతు వెనక ఉప్పగా తగులుతుంది. కింద మావారు "ఏమిటా కంపు" అని విసుక్కుంటూ కిటికీలు మూసేశారు. నేను మాత్రం తడి దుప్పటి చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. చెవులు వేడెక్కాయి. ఆ పొగకు అందరికీ తుమ్ములొస్తాయి, నాకు సిగ్గొస్తుంది. ఇన్నేళ్లయినా ఆ రెండూ విడివడలేదు.

ఆ సిగ్గు వెనక సకీనా మేడం ఉంది. ఆవిడ గురించి మీరెవరూ విని ఉండరు. పేపర్లో ఫొటో పడే రకం కాదు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా మిట్ట మీద ఉన్న ఒక కాలేజీలో భౌతికశాస్త్రం రీడరుగా పనిచేసేది. పొట్టిగా, గట్టిగా ఉండేది. ముతక చీర, నెరిసిన జుట్టు మీద నిలవని కొంగు, హ్యాండుబ్యాగులో ఎప్పుడూ తమలపాకుల డబ్బీ. పాఠం చెప్పేటప్పుడు అచ్చు పుస్తకంలా మాట్లాడేది గానీ, ఉత్సాహం వచ్చినా కోపం వచ్చినా తాను పుట్టిన విశాఖ పాతపట్నం భాష తన్నుకొచ్చేది. నాకు శాస్త్రం నేర్పింది ఆవిడే. పదిమందిలో తల వంచుకోవడం నేర్పింది కూడా ఆవిడే, అయితే అది మీరనుకునే రకంగా కాదు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తొంభైల నడుమ నేను ఎమ్మెస్సీ ఫస్టుక్లాసులో పాసై, పరిశోధన చేస్తానని ఆవిడ గదికి వెళ్లాను. ఆ రోజుల్లో నా నడకలోనే కాస్త పొగరుండేది. ఆవిడ నా మార్కుల కాగితాలు చూడలేదు. ఐసుపెట్టెలోంచి గ్లిజరిన్ సీసా తీసి, తలకిందులు చేసి నా ముందు పెట్టింది.

"అడుగునున్న గాలిబుడగ పైకొచ్చీదాకా కదలకుండా సూడమ్మా. ఆ తర్వాత మాటాడదాం" అని తన పనిలో పడిపోయింది.

ఆ బుడగ కదలదే! కదిలినట్టే ఉంటుంది, చూస్తే అక్కడే ఉంటుంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది, అటు చూడకూడదు. ఓడ కూత వినిపిస్తోంది, తల తిప్పకూడదు. ఎట్టకేలకు అది పైకి చేరి పగిలాక ఆవిడ నా వైపు చూసి, "ఓపికుందే, కృష్ణా జిల్లా పిల్లకి" అని నవ్వింది. అలా చేరాను.

మా పని చెప్పడం కష్టమేమీ కాదు. రెండు లోహపు పళ్లేల మధ్య సన్నటి ఖాళీలో చిక్కటి ద్రవం నింపి, విద్యుత్తు దిశను అటూ ఇటూ మారుస్తాం. ద్రవంలోని అణువులు దాంతోపాటు తిరగాలని చూస్తాయి. చల్లబరిచేకొద్దీ ద్రవం ముదురు పాకంలా బిగుసుకుంటుంది, అణువులకు బద్ధకం పెరుగుతుంది. ఎంత నెమ్మదిగా దిశ మారిస్తే అవి అందుకోగలవో కొలిచి గీస్తే కాగితం మీద ఒక కొండ లేస్తుంది. ఆ కొండ ఎక్కడుందో చూసి అణువుల బద్ధకం ఎంతో చెబుతాం. వేగంగా మార్చే కొలతలు చిటికెలో అయిపోతాయి. బాగా నెమ్మదివి మాత్రం కాగితం మీద ఒక్కొక్క చుక్క పెట్టడానికే టీ తాగి వచ్చేంత సేపు పడుతుంది. అందుకే బుడగ పరీక్ష. చల్లదనానికి కావలసిన ద్రవ నైట్రోజన్ గాజువాక నుంచి ఆటోలో తెచ్చుకునేవాళ్లం. మూతలోంచి పొగలు కక్కుతున్న ఆ డబ్బాను చూసి ఆటో అబ్బాయిలు మమ్మల్ని ఎక్కించుకోవడానికి జంకేవాళ్లు. "ఏటీ కాదు బాబూ, సల్ల పొగే" అని మేడం డబ్బాను ఒళ్లో పెట్టుకున్నంత పని చేసేది.

మాకు ఒకే ఒక్క శత్రువు, తేమ. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకుంటే కొలత పాడవుతుంది. మాది చూస్తే సముద్రం ఒడ్డు. తలుపు గడియలు తుప్పు పట్టేవి, కాగితాలు మెత్తబడిపోయేవి, ఓడరేవు నుంచి వచ్చే ఖనిజం ధూళి కిటికీల మీద ఎర్రటి బురదలా అంటుకునేది. అందుకని మేడం గోడకు ఒక అట్ట తగిలించింది. 'ఈ గదిలోకి నీళ్లు తేరాదు.' తాగే నీళ్ల సీసా కూడా గుమ్మం బయటే. పళ్లేలను ప్రతిసారీ అసిటోన్‌తో తుడిచేవాళ్లం తప్ప నీటి చుక్క తగలనిచ్చేవాళ్లం కాదు. ఆ నియమం నాకు మడిలాగా అలవాటైపోయింది. వేరే గదుల వాళ్లు చేతులు కడుక్కుని తడితో లోపలికొస్తే వాళ్ల మీద విరుచుకుపడేదాన్ని.

ఆ పళ్లేలు విదేశాల నుంచి వచ్చినవి కావు. లేత్ మీద పట్టించిన ఇత్తడి పళ్లేలు. ఇత్తడి ఊరికే ఉంటే చిలుము పడుతుంది కదా, అందుకని వాటికి కళాయి పూయించారు. పూసినాయన మేడం తండ్రి రహమతుల్లా గారు. పాతపట్నంలో చేపల రేవుకు పోయే దారిలో ఆయన కళాయి కొట్టు ఉండేది, దాని వెనకే ఇల్లు. మేడం ఆ కొట్టు పొగలోనే పుట్టి పెరిగింది. నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆయన తన పనితనం ఎలా ఉందో చూసుకోవడానికి కాలేజీకి వచ్చారు. తెల్లటి లాల్చీ, తెల్లటి టోపీ, వేళ్ల కొనలన్నీ కాలి నల్లబడి ఉన్నాయి. మేడం పరికరం మూత తీసి చూపిస్తే ఆయన వంగి చాలాసేపు చూశారు.

"పెళ్లి డేగిసాలకి ఏసినాను, ఓడల్లో వంట గిన్నెలకి ఏసినాను. సదువు గిన్నెకి ఏయడం ఇదే మొదలమ్మా" అన్నారు నాతో.

"అబ్బా, అది గిన్నె కాదు" అంది మేడం నవ్వుతూ. తండ్రిని ఆవిడ 'అబ్బా' అనే పిలిచేది.

"మరేటి?"

"పరికరం."

ఆయన ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుని, భయభక్తులతో ఒకడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పుడు మాత్రం ముచ్చటగా అనిపించింది.

తరువాతి ఏడాది మా కాగితం మీద కొత్తది ఒకటి కనిపించింది. పెద్ద కొండకు ఎడమ పక్కన, బాగా నెమ్మది కొలతల దగ్గర, చిన్న బుడిపె. ఏ పుస్తకంలోనూ లేదు. మళ్లీ మళ్లీ చేసినా వచ్చింది. ద్రవాన్ని చల్లబరిస్తే కొండ ఎడమకు జరిగేది, దాని వెంట తల్లి వెనక పిల్లలా బుడిపె కూడా జరిగేది. ద్రవం బిగిసేకొద్దీ అదీ బద్ధకించిందంటే అది ద్రవంలోనిదే అయి ఉండాలని మేమిద్దరం నమ్మాం. అణువులు గుంపులు కట్టి, ఒక్కటిగా కదులుతున్నాయని వివరణ రాశాం. మంచి పత్రికలో అచ్చయింది. దూరపు ఊళ్ల నుంచి అభినందనలు వచ్చాయి. మేడం ప్రొఫెసరు కాబోతోందని వరండాల్లో మాటలు మొదలయ్యాయి. నా సంగతి చెప్పాలంటే, ఆ బుడిపె మీదే నా డాక్టరేటు మొత్తం నిలబడి ఉంది. థీసిస్ దాదాపు రాసేశాను. పట్టా చేతికొస్తే చేర్చుకుంటామని ఒక కాలేజీ వాళ్లు మాటిచ్చారు. మా నాన్న అప్పుడే ఫ్యాక్టరీలో స్నేహితులకు "మా అమ్మాయి డాక్టరు, సూది మందు డాక్టరు కాదు లెండి" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆ చలికాలంలోనే మా ఊళ్లో ఒక సదస్సు జరిగింది. గంజి పెట్టిన చీర కట్టుకుని వేదికెక్కాను. బాగానే మాట్లాడాను, చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. బయటి ఊరి నుంచి వచ్చిన శాస్త్రవేత్త, మెల్లగా మాట్లాడే మనిషి.

"అమ్మాయ్, పళ్లేల మధ్య దూరం మార్చి చూశారా?" అని అడిగారు.

నాకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. పాపం ముసలాయన సరిగా వినలేదేమో అనుకున్నాను. చిన్న పిల్లలకు చెప్పినట్టు నవ్వుతూ, "దూరంతో దానికేం సంబంధం సార్? ఇది ద్రవం గుణం కదా" అన్నాను.

"ద్రవం గుణమైతే దూరంతో సంబంధం ఉండకూడదమ్మా. ఉండకూడదు కాబట్టే, లేదని చూసుకున్నారా అని అడుగుతున్నాను" అన్నారాయన.

హాల్లో ముందు ఒకరు నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. నా నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు. సిగ్గంటే అంతకుముందు నాకు తెలుసనుకున్నాను. కాలు జారి పడితే, పరీక్షలో తక్కువొస్తే కలిగేదే సిగ్గనుకున్నాను. ఆ రోజు తెలిసింది, అది ఒంటినిండా పాకే జ్వరం లాంటిదని. అప్పుడు వెనక వరుసలోంచి మేడం గొంతు వినిపించింది.

"ఆ ప్రశ్న పిల్లకి కాదు సార్, నాకు. సూడలేదు. సూసి సెప్తాం."

అంత పెద్ద సభలో, కంగారు లేకుండా, పాతపట్నం భాషలో. తరువాత నేను స్త్రీల గది తలుపు వెనక నిలబడి ఏడుస్తుంటే, ఆవిడ భోజనం పళ్లెం పట్టుకుని అక్కడికే వచ్చేసింది. ఓదార్చలేదు. "తిను. రేపు పనుంది" అని పళ్లెం చేతిలో పెట్టింది.

అంతకుముందు మేమెన్నడూ దూరం మార్చకపోవడానికి కారణం మళ్లీ తేమే. మార్చాలంటే పరికరమంతా విప్పాలి, విప్పితే తడిగాలి లోపలికి పోతుంది. ఒకసారి బిగించింది బిగించినట్టే పెట్టుకుని కొలుస్తూ పోయాం. మర్నాడు విప్పి, పళ్లేలను ఎడంగా ఉంచే బిళ్లలు తీసేసి, వాటికంటే మందమైనవి పెట్టి, మళ్లీ కొలత మొదలుపెట్టాం. పెద్ద కొండ తన చోటునుంచి వెంట్రుకవాసి కదల్లేదు. బుడిపె ఎడమకు జరిగింది. మళ్లీ సన్నటి బిళ్లలు పెట్టాం. కుడికి జరిగింది.

మేడం ఆ గీతలు చూస్తూ ఒక్క ముక్కలో చెప్పింది. ద్రవంలో ఎక్కడిదో ఉప్పు కలిసింది. ఆ ఉప్పు కణాలు విద్యుత్తుతోపాటు ఈదుకుంటూ పోయి పళ్లేల దగ్గర గుమిగూడుతున్నాయి. దూరం పెరిగితే వాటి ప్రయాణం పెరుగుతుంది, అందుకే బుడిపె నెమ్మదివైపు జరిగింది. ద్రవం చల్లబడి చిక్కబడితే వాటి ఈత కూడా మందగిస్తుంది, అందుకే అది కొండ వెంట నడిచి మా ఇద్దరినీ నమ్మించింది. అణువుల గుంపులూ లేవు, ఏమీ లేవు. మా థీసిస్ అంతా పళ్లేల దగ్గర గుమిగూడిన ఉప్పు.

"ఉప్పు ఎక్కణ్నించి వచ్చింది మేడం? సముద్రం గాలి నుంచా?" అన్నాను. గాలి మీదికి నెట్టేయగలిగితే బాగుండునని నా ఆశ.

ఆవిడ పళ్లేన్ని వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది. అంచున బిళ్లలు కూర్చోవడానికి సన్నటి గాడి ఉంటుంది. గుండుసూదితో ఆ గాడిలో గీకితే తెల్లటి పొడి కాస్త రాలింది. తమలపాకుల డబ్బీలోంచి సున్నం తీసి ఆ పొడిలో కలిపి, అరచేతిలో వేలితో నూరింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత చెయ్యి నా వైపు చాచింది. చిన్నప్పుడు జలుబు చేస్తే మా అమ్మ పీల్పించే ఘాటే, పొల్లుపోకుండా అదే.

"నవసారం" అంది మేడం. కళాయి వేసేటప్పుడు చల్లే నవసాగరమే, అదీ ఒక ఉప్పే. స్టూలు మీద కూలబడి, "అబ్బా..." అంది.

ఇద్దరికీ తెలుసు. కళాయి వేయించిన గిన్నెను ఏ ఇల్లాలూ అలాగే పొయ్యి మీద పెట్టదు. ముందు చింతపండు పెట్టి తోముతుంది, నీళ్లు పోసి కాస్తుంది, ఆ మొదటి నీళ్లు పారబోస్తుంది. లోపల మిగిలిన నవసాగరం వాటితో పోతుంది. మా అమ్మ ప్రతి ఏడూ చేసేది, నా చేత చేయించేది. మేడం అయితే ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాట కొట్టు గుమ్మంలో వింటూనే పెరిగింది. గిన్నె అని ఉంటే మేమిద్దరం కళ్లు మూసుకుని కడిగేవాళ్లం. పరికరం అన్నాం కాబట్టి నీళ్లు తగలనివ్వలేదు. జిడ్డును కరిగించే అసిటోన్ ఉప్పును ముట్టుకోదని ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. గోడ మీది అట్ట మమ్మల్నే చూస్తున్నట్టుంది.

మేడం పత్రికకు తప్పు దిద్దుతూ రాయడానికి కూర్చుంది. నేను పక్కన నిలబడి, "ఏదో మలినం కలిసిందని రాస్తే చాలదా మేడం? కళాయి మాట ఎందుకు? నవ్వుతారు" అన్నాను. ఆవిడ నా కోసం కాకపోయినా తన తండ్రి కోసమైనా ఒప్పుకుంటుందనుకున్నాను.

"ఏ మలినమో సెప్పకపోతే ఇంకో పిల్ల ఇదే గోతిలో పడతాది. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ సెప్పరు సూడు, అదే మన కొంప ముంచింది. మనమూ సెప్పకపోతే ఎలాగే?"

"మరి తాతగారికి?"

"అబ్బాకి నానే సెప్తాను" అంది, తల ఎత్తకుండానే.

నవ్వారు. డిపార్టుమెంటు సమావేశంలో మేడం నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది, పళ్లెం కడగవలసింది తానే అని కూడా చెప్పింది. వారం తిరక్కుండానే మా బుడిపెకు 'కళాయి కొండ' అని పేరు పడింది. నేను వరండాలో నడుస్తుంటే "గిన్నెలకి కళాయి పూస్తామమ్మా" అని ఎవరో గొంతు మార్చి అరిచేవాళ్లు. మేడం ప్రొఫెసరు మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో మా నాన్న, "అయితే ఇప్పుడు నువ్వు డాక్టరువా కాదా?" అని అడిగి, నా ముఖం చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఉద్యోగమిస్తామన్న కాలేజీ వాళ్లు వేరే మనిషిని తీసుకున్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగాల్సిన చోట దిగకుండా అలా చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చిన రోజులున్నాయి. మేడం మీద కోపం వచ్చేది. ఇంత బాహాటంగా చెప్పాలా అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

"థీసిస్ ఎక్కడికీ పోలేదు. ఆ బుడిపె ఎలా పుట్టిందో రాయి, ఎలా పట్టుకోవాలో రాయి. అదే నీ థీసిస్" అంది ఆవిడ.

"లేనిదాని గురించి థీసిస్సా మేడం?"

"ఉన్నదనుకుని మోసపోయినాం కదా. ఆ మోసపోవడం ఉన్నదే కదా" అంది. నాకు ఆ రోజు అది ఊరడింపు మాటలాగే వినిపించింది.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం రహమతుల్లా గారు వచ్చారు. మిట్ట ఎక్కి వచ్చిన ఆయాసంతో మెట్ల దగ్గరే నిలబడిపోయారు. చేతిలో గుడ్డసంచి. లోపలికి రమ్మంటే రాలేదు. నన్ను చూడగానే సంచి కింద పెట్టి, ఆ నల్లబడ్డ వేళ్లన్నీ దగ్గరకు చేర్చి దండం పెట్టారు.

"నీ సదువు నాను పాడుసేసినానమ్మా."

మా తాత వయసు మనిషి. "అయ్యో, తాతగారూ, మీరేం చేశారు?" అంటూ ఆయన చేతులు పట్టుకోబోయాను.

"గిన్నె పట్టుకెళ్లే ప్రతి ఆడకూతురికీ సెప్తాను, మొదటి నీళ్లు పారబొయ్యమని. కూలోళ్లకి సెప్తాను, జమీందారు ఇంటోళ్లకి సెప్తాను. మీకు సెప్పనేదు. పరికరం అన్నాది కదా మా పాప. అంత సదువుకున్నోళ్లకి నాను సెప్పడమేటని సిగ్గుపడినాను. మీకు తెలీదనుకోనేదమ్మా."

సదస్సులో వందమంది నవ్వినప్పుడు పట్టిన సిగ్గు దీని ముందు ఏపాటి? అక్కడ నవ్విపోయారు, అంతే. ఇక్కడ ఒక పెద్దమనిషి, మేము గిన్నె అనడానికి నామోషీపడి పరికరం అన్నందుకు, వెనక్కి ఒకడుగు వేసి, నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. మింగినందుకు ఇప్పుడు నాకు దండం పెడుతున్నాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. వెనకనుంచి మేడం వచ్చింది. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అబ్బా, సంచీలో ఏటి?"

"సింతపండు" అన్నారాయన.

ఆ రోజు గోడ మీది అట్టను నేనే తీసేశాను. నీళ్లు బకెట్టుతో లోపలికి తెచ్చాను. ఆయన కొట్టులో కొత్తగా కళాయి వేసిన పళ్లేలను మేడం, నేను చింతపండు పెట్టి గాడుల్లోకంటా తోమాం. ఆయన స్టూలు మీద కూర్చుని "అంచు... ఆ అంచు సూడమ్మా" అంటూ నాకు చెబుతూ ఉన్నారు, ఈసారి ఏ మొహమాటమూ లేకుండా. నీళ్లు కాచి పారబోశాం. మళ్లీ కాచి పారబోశాం. తరువాత పళ్లేలను ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, బిగించి, గ్లిజరిన్ నింపి, చల్లబరచి కొలత మొదలుపెట్టేసరికి మర్నాడయింది. ఆయన మళ్లీ వచ్చి కూర్చున్నారు. కాగితం మీద కలం కొండను గీసింది. కొండ దిగి ఎడమకు, బుడిపె ఉండే చోటుకు వచ్చింది. ఒక్కొక్క చుక్కకీ ఎంతసేపో. ఆయన రెప్ప వేయకుండా చూస్తున్నారు. గీత నేల మీద పరిచినట్టు సాగిపోయింది.

"ఏటీ నేదు కదా?" అన్నారు.

"ఏటీ లేదబ్బా" అంది మేడం.

"ఏటీ నేదు" అని ఆయన నా వైపు తిరిగి, ముఖమంతా నవ్వు నింపుకున్నారు. ఏమీ లేకపోవడం చూసి అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా థీసిస్ చాలా ఆలస్యంగా ముగిసింది. అందులో మొదటి అధ్యాయం పళ్లేలు కడగడం గురించి. మేడం పట్టుబట్టి నవసాగరం పేరు, కళాయి పేరు, చింతపండు పేరు కూడా అందులో రాయించింది. పరీక్షించడానికి వచ్చినవాళ్లు ఆ పేజీ దగ్గర ఆగి నవ్వారు. నాకు మళ్లీ చెవులు వేడెక్కాయి, అయినా ప్రతి మాటా చదివి వినిపించాను. రహమతుల్లా గారు కొత్త శతాబ్దం చూసి, కొన్నాళ్లకు పోయారు. మేడం రీడరుగానే రిటైరైంది. చివరి రోజుల్లో చూడబోతే, మంచం మీద నుంచే "ఏటే, దూరం మారుస్తన్నావా?" అని అడిగింది. "మారుస్తున్నాను మేడం" అన్నాను. ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర పరిశోధనకు చేరే పిల్లలందరికీ మొదటి వారం ఆ ఒక్క పనే చెబుతాను. ఏదైనా మరీ ముద్దుగా కనిపిస్తే పళ్లేల దూరం మార్చి చూడమంటాను. అందరికీ తెలిసిందే కదా అనిపించిన ప్రతి మాటనూ గట్టిగా చెప్పమంటాను. వాళ్లు నా వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఇక ఆ ఆదివారం సంగతి. దుప్పటి ఆరేసి కిందికి దిగి, అటక మీదున్న మా అమ్మ ఇత్తడి గిన్నె తీసుకుని వీధిలోకి వెళ్లాను. కళాయి మనిషి నడివయసువాడు, మాటలు తక్కువ. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం అంటించి, దూదితో ఒక్క తిప్పు తిప్పాడు. తెల్లటి పొగ మా ఇద్దరి ముఖాలనూ కప్పేసింది. పొగ పోయాక గిన్నె లోపల వెండిలా మెరుస్తోంది. గుడ్డతో పట్టుకుని నాకిచ్చి, "అయిపోనాదండి" అని తిత్తి సర్దుకోసాగాడు.

నేను కదల్లేదు. "ఏం చెప్పవా?" అన్నాను.

"ఏటి సెప్పాలండి?"

"కళాయి వేయించాక ఏం చేయాలో."

అతను నవ్వాడు. "మీకు తెలీదేటి మేడంగారూ, సదువుకున్నోరు."

చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చూస్తున్నారు. నా దగ్గర చదివే పిల్ల ఒకతి ఎదురింటి గేటు దగ్గర నిలబడి ఉంది. చెవులు వేడెక్కాయి.

"తెలీదు, చెప్పు" అన్నాను.

వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడేమో, నా ముఖంలోకి చూసి తిత్తి కింద పెట్టాడు. తరువాత మెల్లగా మొదలుపెట్టాడు. "సింతపండేసి తోమండి. అంచులు బాగా తోమాలండి. నీళ్లు కాసి, ఆ మొదటి నీళ్లు పారబొయ్యండి. అందులో వండకండి."

గిన్నె రెండు చేతులతో పట్టుకుని, వీధిలో నిలబడి, అతను చెప్పేది చివరిదాకా విన్నాను.